తిప్పి చూడని ఉత్తరం

నంద్యాలలో నన్ను ఇరవై ఎనిమిదేళ్లు ‘కరెంటు డాక్టరమ్మ’ అన్నారు. నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ల కాళ్లూ చేతులూ మళ్లీ కదిలేలా చేయడం నా పని. మా విభాగంలో కండరాలకు సన్నగా కరెంటు తగిలించే యంత్రం ఒకటి ఉండేది. జనానికి నా వ్యాయామాల కంటే దాని మీదే నమ్మకం. గంటసేపు చెమటలు కక్కుతూ భుజం తిప్పించినా, పోయేటప్పుడు "అమ్మా, ఈ పొద్దు కరెంటు పెట్టనే లేదే" అని నిష్ఠూరంగా చూసేవారు. నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ఎక్కువని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజమే, దాచుకోను.

ఈ మధ్య ఫిజియోథెరపీ చదివే పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో బాగా గుర్తున్న విజయం ఏదైనా చెప్పండి" అన్నారు. విజయాలు ఎవరైనా చెబుతారు. నేను తెలివితక్కువదాన్నయిన రోజు ఒకటి చెబుతాను వినండి, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి ఒకాయన్ని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. యాభై నిండని మనిషి. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆళ్లగడ్డలో ఆయనకు పిండిమర ఉంది. పిండిమరను మా వైపు మిషను అంటారు కాబట్టి మేం ఆయన్ని మిషనాయన అనేవాళ్లం. ఇక్కడా అదే పేరు వాడతాను, అసలు పేర్లు ఎవరివీ చెప్పను. ఆయన భార్య రోజూ మొదటి బస్సుకే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేది. నేను ఏ కదలికైనా పదిసార్లు చేయించమంటే ఆమె ఇరవైసార్లు చేయించేది. నాలుగు నెలలకు ఆయన కర్ర లేకుండా నడిచాడు. ఆరో నెలకు కుడిచేత్తో జొన్నల డబ్బా ఎత్తాడు. మిషను మళ్లీ తిరిగింది. నేను లోలోపల భుజాలు చరుచుకున్నాను.

అప్పుడు మొదలైంది వణుకు.

ఇది చాలామందికి తెలియదు. పక్షవాతం నుంచి కోలుకున్న కొన్ని నెలలకు, ఒక్కొక్కరికి, బాగుపడిన చెయ్యే వణకడం మొదలుపెడుతుంది. మెదడులో దెబ్బ తిన్నచోటు తనను తాను సరిచేసుకుంటూ ఎక్కడో తప్పు ముడి వేస్తుందని మాకు చెప్పేవారు. మిషనాయన చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే కొద్దిగా వణికేది. గ్లాసు పట్టుకుంటే పెద్దగా వణికేది. గ్లాసు నోటి దగ్గరకు వచ్చేసరికి చేటతో చెరిగినట్టు ఆడి, నీళ్లన్నీ చొక్కా మీదే పడేవి. మందులు వాడారు. ఒక మందుకు పగలంతా నిద్ర, ఇంకో మందుకు నోరెండిపోవడం. వణుకు మాత్రం తగ్గలేదు.

ఒకరోజు "మిషను ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాను.

"మిషను ఆమె తిప్పుతాంది లేమ్మా. అది కాదు నా బాధ," అన్నాడాయన. "బంతిలో కూచోని తినలేకపోతాండా. మా తమ్ముని కూతురి పెండ్లికి పోయి అందరితో పాటు ఆకు ముందర కూచున్యా. ముద్ద నోటికాడికి వచ్చేలోపల పక్కాయన ఆకులో పడె. ఆడికాడికే లేచొచ్చినా. అప్పట్నుంచి ఎవరింటికీ పోలేదు. ఇంట్లో ఈమె తినిపిస్తాది. మొగోన్ని, చిన్నపిల్లోని మాదిరి నోరు తెరుచుకోని కూచుంటా."

భార్య ఆయన చొక్కా బొత్తాం ఊడి ఉంటే పెట్టింది. ఆయన మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. నడిపించాను, చెయ్యి లేపించాను, కానీ మనిషిని బంతిలో కూర్చోబెట్టలేకపోయాను.

అలా మూడు నాలుగేళ్లు గడిచాయి. రెండువేలు దాటాక, హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో మెదడులోకి సన్నటి తీగ దించి, దాని ద్వారా కొద్దికొద్దిగా కరెంటు పంపి వణుకు ఆపుతున్నారని విన్నాను. పక్షవాతం తర్వాత వచ్చే వణుక్కి కూడా పనిచేయవచ్చు, చేయకపోవచ్చు అన్నారు. అక్కడి డాక్టరుకు ఉత్తరం రాశాను. తీసుకురమ్మన్నారు. ఆ సంగతి మిషనాయనకు చెప్పడం మాత్రం అంత సులువు కాలేదు.

"తలకాయలో తీగనా?"

"అవును. ఆ తీగ చెవి వెనక నుంచి చర్మం కిందుగా ఎడమ ఛాతీలోకి వస్తుంది. అక్కడ చిన్న డబ్బా పెడతారు. అందులోంచి కరెంటు వస్తుంది."

ఆయన అప్పటి ఆళ్లగడ్డ మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "మరి కరెంటు పోతే?"

గదిలో అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "నవ్వతారేమ్మా? మాకాడ కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో వాళ్లకే తెలీదు. మిషను నిలబడిపోయినట్ల నా చెయ్యి మళ్లా మొదలైతే?"

లోపలే బ్యాటరీ ఉంటుందని, ఏళ్ల తరబడి వస్తుందని చెప్పాను. "అట్లయితే సరే" అన్నాడు. ఆయన భయం తలకాయ తెరవడం గురించి కాదు, కరెంటు కోతల గురించి. ఆ ప్రశ్నకు నేను నవ్వి ఊరుకోకుండా ఇంకొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది.

ఆపరేషను జరిగింది. మనిషి మెలకువగా ఉండగానే చేశారట. తీగ సరైన చోటికి చేరగానే డాక్టరు గ్లాసు చేతికిచ్చి పట్టుకోమన్నాడట. నెల తర్వాత దంపతులిద్దరూ మా విభాగానికి వచ్చారు. ఆయన తల మీద చిన్న చిన్న జుట్టు మొలుస్తోంది, టోపీ పెట్టుకున్నాడు. వస్తూనే కూజా దగ్గరికి పోయి, గ్లాసులోకి నీళ్లు వంచుకుని, కుడిచేత్తో తాగాడు. అస్సలు వణకలేదని చెప్పను. పైపెదవి తడిసింది. చొక్కా మాత్రం తడవలేదు. నేను ఏడ్చాను. ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అప్పటినుంచి వచ్చినప్పుడల్లా ఆయన చేత కాగితం మీద గుండ్రంగా లోపలి నుంచి బయటికి చుట్లు గీయించేదాన్ని. వణుకు ఎంతుందో కొలవడానికి అదో పద్ధతి. ఆయన దాన్ని జిలేబీ అనేవాడు. "రాండి, జిలేబీ వేస్తా" అని తనే పెన్ను అడిగేవాడు. మొదటి నెలల జిలేబీలు మిఠాయి కొట్టులో పెట్టదగినంత బాగుండేవి.

ఆయన హైదరాబాదు నుంచి నాకొక ఉత్తరం కూడా తెచ్చాడు. మందపాటి కాగితం, ఇంగ్లీషులో టైపు చేసింది. మధ్యలో ఎర్ర అక్షరాలతో, కింద గీత గీసి ఒక హెచ్చరిక ఉంది. ఈయనకు ఒంట్లో ఎక్కడా డయాథర్మీ పెట్టకూడదని. డయాథర్మీ అంటే కీళ్ల నొప్పులకు లోపలిదాకా వేడి పట్టించే యంత్రం. ఆ వేడి తీగ పట్టుకుని మెదడులోకి పోతే మనిషి దక్కడు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసిన విషయమే రాశారని కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఉత్తరం మడిచి ఆయన ఫైల్లో పెట్టేశాను.

మా విభాగంలో యంత్రాలు చూసుకునే సహాయకుడు ఒకాయన ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం. యంత్రాలు ఊడదీసి బాగుచేయడం, నాకు పదకొండింటికి చాయ్ తేవడం, నా కోపం భరించడం, మూడూ ఆయనే చూసేవాడు. భాయ్‌ని పిలిచి సంగతి చెప్పాను. ఆయన మాట్లాడకుండా పోయి ఎర్రగుడ్డ పీలిక తెచ్చాడు. మిషనాయన వచ్చిన ప్రతిసారీ డయాథర్మీ ప్లగ్గు పీకి, దానికా గుడ్డ కట్టేవాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మిషను కడిగి పూజ చేసుకున్నామని ఆయన భార్య బొరుగులు, బెల్లం, కొబ్బరి తెచ్చిపెట్టింది. అంతా తిన్నాం. ఆ రోజు జిలేబీ కూడా బాగా వచ్చింది.

రెండు వారాల తర్వాత ఆయన లోపలికి వస్తుంటే చూశాను. కుడిచెయ్యి చేటలా ఆడుతోంది.

"ఏమైంది?"

"తెలీదమ్మా. నిన్న మధ్యాన్నం ఉన్నట్టుండి మొదలాయె."

వారం గడిచాక వచ్చాడు. చెయ్యి నిలకడగా ఉంది! జిలేబీ చక్కగా వేశాడు. ఆ తర్వాతి వారం మళ్లీ వణుకు. ఒక రోజులోనే రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయిందని చెప్పారు. నాకు తల తిరిగిపోయింది. ఊళ్లో తలా ఒకటి చెప్పారట. అమావాస్య అన్నారు, దిష్టి అన్నారు, వంకాయ మానేయమన్నారు. నేను చదువుకున్నదాన్ని కదా, నేను ఇంకోటి చెప్పాను. "నీ మనసులో ఏదో భయం పెట్టుకున్నావు, అందుకే ఇట్ల వస్తోంది" అన్నాను. మనకు జవాబు తెలియనప్పుడు రోగి మనసు మీదికి నెట్టేయడం మన వృత్తిలో చాలా పాత అలవాటు. మీరు ఆ పని చేయకండి.

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. మిషను తిరుగుతుండగా ఆయనకు వణుకు మొదలై, చొక్కా చెయ్యి బెల్టులో పడింది. చొక్కా చిరిగిపోయింది, చెయ్యి దక్కింది. అది వినగానే నేను కేకలేశాను. "మిషను మూసెయ్! చెయ్యి బాగుచేసుకున్నది బెల్టుకు ఇవ్వడానికా?" అన్నాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేశాను. తీగ ఎక్కడో విరిగి, తగిలీ తగలకుండా ఉండి ఉంటుందని, మంగళవారం తీసుకొస్తే చూస్తామని, అవసరమైతే మళ్లీ తల తెరవాల్సి రావచ్చని ఆయన అన్నాడు. చివర్లో, "మీ దగ్గర ఎవరూ పొరపాటున డయాథర్మీ పెట్టలేదు కదా?" అని అడిగాడు.

నాకు భగ్గుమంది. నన్నా అడిగేది? ఫోన్ పెట్టేసి విసురుగా విభాగంలోకి వచ్చాను. ఆ రోజు మిషనాయన వచ్చి మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భుజం నొప్పిగా ఉందని రెండు వారాలుగా అంటున్నాడు. చూస్తే డయాథర్మీ యంత్రం ప్లగ్గు పెట్టి ఉంది, ఎర్రగుడ్డ కింద పడి ఉంది. పక్కన భాయ్ నిలబడి ఉన్నాడు. అంతే, అత్త మీద కోపం దుత్త మీద చూపించాను.

"భాయ్! నువ్వు ఈయనకు డయాథర్మీ పెట్టినావు కదా? భుజం నొప్పి అన్నాడని జాలిపడి పెట్టినావు! ఆయన తలకాయ మళ్లీ తెరవాల్సి వస్తోంది, తెలుసా నీకు?"

గదిలో పదిమంది రోగులున్నారు. అన్నేళ్లలో ఆయన్ని ‘మీరు’ అనడమే తప్ప ‘నువ్వు’ అనలేదు. ఆ రోజు అన్నాను. మోకాళ్ల నొప్పితో ఒక ముసలామె యంత్రం కోసం అక్కడే కాచుకుని ఉంది. ఆమె కోసమే భాయ్ అప్పుడే ప్లగ్గు పెట్టాడు. ఆమెను చూసి కూడా నేను చూడలేదు.

"నేను పెట్టలే మేడమ్," అన్నాడు భాయ్.

"ఒట్టు?"

"ఒట్టెందుకు? పెట్టలేదంటే పెట్టలేదు. నేను పెద్ద సదువు సదవలే. అట్లని మీరు వద్దన్న పని చేసేంత తక్కువోన్ని కాదు."

అని ముసలామెను లోపలికి తీసుకుపోయి యంత్రం పెట్టాడు. మర్నాటి నుంచి పని పనిలాగే చేశాడు, మాట మాత్రం మానేశాడు. పదకొండింటికి చాయ్ వచ్చేది, బల్ల మీద పెట్టి పోయేవాడు. నాకు తెలుస్తూనే ఉంది తప్పు చేశానని. కానీ అడ్డంగా అన్నాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.

శనివారం ఆళ్లగడ్డ నుంచి మిషనాయన భార్య ఫోన్ చేసింది. విభాగంలో ఫోన్ ఎత్తి నాకు అందించింది భాయే. "అమ్మా, ఆయప్ప మంగళవారం హైదరాబాదుకు రానంటాండాడు. మిషను అమ్మేస్తాండాడు. శిరివెళ్లాయన ఒకాయన సోమవారం వచ్చి మోటరు, రాళ్లు అన్నీ ఎత్తకపోతాడంట. ఎంత చెప్పినా వినలే. మీరొచ్చి చెప్తే వింటాడేమో."

ఆదివారం పొద్దున బస్టాండుకు వెళ్లాను. చేతిసంచిలో మిషనాయన ఫైలు పెట్టుకున్నాను, అక్కడి నుంచి డాక్టరుకు ఫోన్ చేయాల్సి వస్తే ఉంటుందని. ఆళ్లగడ్డ బస్సు దగ్గర భాయ్ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

"మీరెక్కడికి?"

"ఆడికే. మాట నా మీద పడింది గదా మేడమ్. ఏమైందో నేనూ చూడాల."

బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. శిరివెళ్ల ఊరు దాటేదాకా నేను ఆయన చొక్కా కాలరే చూస్తూ కూర్చున్నాను.

మిషను దగ్గరికి వెళ్లేసరికి డబ్బాలూ సంచులూ పట్టుకుని ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. రేపటి నుంచి మిషను ఉండదని తెలిసి జొన్నలు, కొర్రలు ఉన్నవాళ్లంతా ఆడించుకోవడానికి వచ్చేశారు. లోపల తెల్లటి పిండి దుమ్ములో మిషనాయన పనిచేస్తున్నాడు. చెయ్యి నిలకడగా ఉంది.

"నడపొద్దన్నానా లేదా?" అని గుమ్మంలోంచే అరిచాను. మోటారు చప్పుడులో ఆయనకు వినపడలేదు. తొట్టిలో జొన్నలు ఇరుక్కున్నట్టున్నాయి. ఆయన తొట్టి అంచు మీద ఎడమ ఛాతీ ఆనించి, లోపలికి వంగి, కుడిచేత్తో గింజలు కిందికి తోశాడు. లేచి నిలబడ్డాడు. నిలబడగానే కుడిచెయ్యి ఒక్కసారిగా ఆడడం మొదలైంది.

భార్య పరుగున పోయి స్విచ్ ఆపింది. మోటారు ఆగిపోయింది. ఆడవాళ్లంతా చూస్తున్నారు. ఆయన వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని నా వైపు తిరిగి అన్నాడు. "చూసినారు గదా డాక్టరమ్మా? ఒకసారి తలకాయ తెరిపించుకున్యా. మళ్లా తెరిపించుకోను. ఈ మిషనూ వద్దు, ఈ చెయ్యీ వద్దు. ఈమె పెడితే తింటా, ల్యాకపోతే ల్యా."

వంగినప్పుడు తీగ లాగుతోందేమో, నిజంగానే విరిగిందేమో అనుకున్నాను. అప్పుడు భాయ్ ముందుకొచ్చాడు.

"అన్నా, ఇందాక ఎట్ల వంగినావో ఇంకోసారి వంగి చూపియ్యి. మిషను బందయ్యే ఉంది గదా."

"ఏందప్పా నీ ఆట?"

"చూపియ్యన్నా, నా కోసరం."

మిషనాయన విసుక్కుంటూనే వంగాడు, ఛాతీ తొట్టికి ఆనించాడు, లేచాడు. చెయ్యి ఆగిపోయింది.

బారులో ఎవరో "అమ్మమ్మా!" అన్నారు. మిషనాయన తన చెయ్యిని తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇంకోసారి," అన్నాడు భాయ్. వంగాడు, లేచాడు. వణుకు వచ్చేసింది. నాలుగోసారి వంగితే పోయింది. నా పక్కనున్న ముసలామె దండం పెట్టింది.

భాయ్ తొట్టి దగ్గరికి పోయి, జొన్నలు పక్కకు తోసి, అంచు లోపలి వైపు తడిమి చూశాడు. "ఇదేంది నల్లగా, గుండ్రంగా?"

చూస్తే ఒక అయస్కాంతం. తొట్టి రేకుకు అతుక్కుని ఉంది, దాని చుట్టూ మేకుముక్కలూ ఇనుప రజనూ. పిండిమరల్లో ఇది మామూలే, గింజల్లో కలిసొచ్చే మేకుల్ని పట్టడానికి పెడతారు. కానీ ఇది మామూలు అయస్కాంతంలా లేదు. పసుపు కుంకుమ మరకలు కూడా ఉన్నాయి.

"అది హైదరాబాదు డాక్టరు ఇచ్చినదమ్మా," అంది భార్య. "ఇంటికి పంపేటప్పుడు ఇచ్చి, దాచిపెట్టుకోండి, మేం ఫోన్లో చెప్తే తప్ప తీయొద్దండి అన్యాడు. దేవుని గూట్లో పెట్టినా. ఆయుధపూజ దినం మిషనుకు పూజ చేస్తాంటే, ఈయప్ప చేతిని నిలబెట్టింది గూడా ఆయుధమే గదా అని దానికీ బొట్టు పెట్టి మిషను కాడ పెట్టినా. పెడ్తానే మేకులన్నీ పట్టేసుకుంది. పాత అయస్కాంతానికి సత్తువ ల్యాకపోయె. ఇంత మంచి వస్తువు ఊరికే గూట్లో ఎందుకు, ఆయప్ప పని చేసేచోట ఆయప్పకు కాపలా ఉంటాది అనుకున్యా."

ఆమె మాట పూర్తి కాకముందే నా చెయ్యి సంచిలోకి పోయింది. ఫైలు తీశాను. ఉత్తరం తీశాను. ఎర్ర అక్షరాలున్న ఆ పేజీని, మొదటిసారి, వెనక్కి తిప్పాను.

వెనక కూడా టైపు చేసి ఉంది. ఛాతీలోని డబ్బాకు అయస్కాంతమే స్విచ్ అని. ఒక క్షణం దగ్గర పెట్టి తీస్తే ఆగిపోతుందని, మళ్లీ పెట్టి తీస్తే మొదలవుతుందని. రోగికి ఇందుకోసమే ఒక అయస్కాంతం ఇచ్చామని, బలమైన అయస్కాంతాలకు ఛాతీ దూరంగా ఉంచేలా ఆయనకు దయచేసి నేను వివరంగా చెప్పాలని. దయచేసి నేను! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నెలల తరబడి అది నా ఫైల్లోనే ఉంది.

అక్కడే పిండి బస్తా మీద కూలబడ్డాను. "తప్పు నాది," అన్నాను. "నాకు రాశారు. నేను చదవలేదు. వెనక పేజీ చూడనే లేదు."

ఎదురింటి ఎస్టీడీ బూతు నుంచి డాక్టరు ఇంటికి ఫోన్ చేశాను. సంగతంతా విని పెద్దగా నవ్వాడు. డబ్బాకు ఏమీ కాలేదని, తీగ విరిగి ఉండదని, తల తెరవక్కర్లేదని, వచ్చే నెల తీరిగ్గా వచ్చి చూపించుకుంటే చాలని అన్నాడు. "తల తెరవక్కర్లేదు" అన్న మాట ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

తిరిగి వచ్చేసరికి, ఆ గందరగోళంలో తొట్టికి మళ్లీ ఆనుకున్నాడేమో, మిషనాయన చెయ్యి ఆడుతోంది. కానీ ఇప్పుడు ఆయన మొహంలో భయం లేదు. అయస్కాంతానికి అంటుకున్న మేకులన్నీ భాయ్ ఊడదీసి, తన రుమాలుతో తుడిచి నాకిచ్చాడు. నేను దాన్ని మిషనాయన భార్య చేతిలో పెట్టాను. "నువ్వే పెట్టమ్మా. ఇది నీ దగ్గరే ఉండాల్సింది."

ఆమె వద్దంటూ వెనక్కి జరిగింది. "నేనే చేసినానా ఇదంతా? ఆయప్ప చెయ్యి బెల్టులో పడుంటే?" అని ఏడుపు మొదలుపెట్టింది. ఇప్పుడు వణుకు ఆమె చేతికొచ్చింది. మిషనాయన ఆమె మణికట్టు పట్టుకుని, తన ఛాతీ మీద పెట్టించి, తీయించాడు. చెయ్యి నిలబడింది.

"ఏమ్మే," అన్నాడాయన, "మొగున్ని ఆన్ చేసే స్విచ్ తెచ్చి నీ చేతికిస్తే, జొన్నల్లో పెడితివే! ఇంకో ఆడదైతే నడుముకు కట్టుకోని తిరిగేది."

బారులో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి పకపకా నవ్వారు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూ ఎక్కడ ఏడుపులోకి పోయానో నాకు తెలియదు. నెల రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. దాహమేసిందంటూ మిషనాయన చెంబు ఎత్తి కుడిచేత్తో తాగాడు. బహుశా దాహమేమీ లేదు.

"రేపొచ్చే శిరివెళ్లాయనకు ఏం చెప్తావ్?" అని అడిగాడు భాయ్.

"ఏం చెప్తా? జొన్నలు తెచ్చుకోనుంటే ఆడిచ్చి పంపిస్తా."

ఆ పూటే భాయ్ పాత అయస్కాంతాన్ని వెతికి పట్టుకుని, తొట్టి అంచున కాకుండా కింద పిండి రాలే గొట్టం దగ్గర బిగించాడు. గింజలు తోయడానికి పొడుగాటి కట్టెతెడ్డు ఒకటి పెట్టారు. హైదరాబాదు అయస్కాంతం స్టీలు డబ్బాలోకి, డబ్బా దేవుని గూట్లోకి పోయింది.

తిరుగు బస్సులో నేను భాయ్ పక్కనే కూర్చున్నాను. "తప్పయిపోయింది భాయ్," అన్నాను.

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "బస్సులో చెప్తే ఎట్ల మేడమ్? అన్యప్పుడు పదిమంది ఉండిరి."

నిజమే కదా. సోమవారం పొద్దున విభాగం నిండా రోగులున్నప్పుడు నేను లేచి నిలబడి, భాయ్ మీద నేను వేసిన నింద అబద్ధమని, నిన్న మిషనాయన్ని కాపాడింది ఆయనేనని చెప్పాను. మోకాళ్ల ముసలామె కూడా ఉంది. "నాకాపొద్దే తెలుసు, నువ్వు అడిగితే గదా," అంది. పదకొండింటికి చాయ్ వచ్చింది, దాంతో పాటు మాట కూడా వచ్చింది. "చక్కెర సాలకపోతే చెప్పండి."

ఆయన అంతటితో వదిలిపెట్టాడనుకోకండి. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, నాకొచ్చిన ప్రతి ఉత్తరాన్ని వెనక పక్క పైకి పెట్టి బల్ల మీద ఉంచేవాడు. వెనక ఏమీ రాసి లేకపోయినా సరే. ఒక్క మాట అనేవాడు కాదు. నేను తిప్పి చూసేదాన్ని, ఖాళీగా ఉందని నిర్ధారణ చేసుకుని, అప్పుడు ముందు పక్క చదివేదాన్ని. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. పిల్లలూ, మీకు నేర్పగలిగిన చదువు నా దగ్గర ఇంతకంటే పెద్దది లేదు.

రెండేళ్ల తర్వాత ఒక కార్డు వచ్చింది, అదీ వెనక పక్కే పైకి. మిషనాయన మనవడికి అహోబిలంలో పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు, ఆళ్లగడ్డలో భోజనాలు. నేనూ భాయ్ కలిసి వెళ్లాం. బంతిలో ఆయన మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. పప్పన్నం కలుపుకున్నాడు. ముద్ద నోటికి పోయింది. నాలుగు మెతుకులు రాలాయి, అవి ఆయన ఆకులోనే రాలాయి. నేను తినడం మానేసి చూస్తున్నానని భాయ్ మోచేత్తో పొడిచాడు.

చివర్లో కాగితం కప్పుల్లో పాయసం వచ్చింది. మిషనాయన కప్పు ఎత్తాడు. రెండు చుక్కలు ఆకు మీద పడ్డాయి. అటువైపు వడ్డిస్తున్న ఆయన భార్య అది చూసింది. గరిటె అక్కడే వదిలేసి, చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ కొంగుకు ఒక చిన్న గుడ్డసంచి కట్టి ఉంది, లోపల గుండ్రంగా ఏదో ఉంది.

"ఏమప్పా, ఆరిపోయిందా?" అని అరిచింది బంతి మొత్తానికి వినపడేలా.

"ఆరిపోలేదులే," అన్నాడాయన, కప్పు దించకుండానే. "పాయసం నిండా పోసినారు, అంతే. నువ్వు పోయి అన్నం పెట్టుపో."